మాట వినని పెట్టె

ఇది జరిగింది. ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరూ నవ్వకండి. ఇదివరకు ఏదైనా నమ్మించాలంటే మా అక్క మీద ఒట్టు వేసేవాణ్ణి. ఇప్పుడు అక్క లేదు. అందుకని నా కళ్ల మీద ఒట్టు... ఈ రెండు కళ్లతో చూసిందే చెబుతున్నాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ రాత్రి తర్వాత ఆ గదిలో ఒక్కణ్ణే ఎప్పుడూ కూర్చోలేదు.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. ఫోటో ల్యాబ్‌లో కంప్యూటర్ల పని. తెనాలిలో మెయిన్ ఆఫీసు, బాపట్లలో ఒక బ్రాంచి, రేపల్లెలో ఒక బ్రాంచి. మూడు చోట్లా ఒక్కో సర్వర్. సర్వర్ అంటే పెద్ద విద్యేం కాదు, ఫోటోలూ వీడియోలూ దాచుకునే కంప్యూటర్ పెట్టె. పదిహేనేళ్ల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు వాటిలో ఉన్నాయి.

పోయినేడాది మా సారు పిలిచి, బాపట్లలో తీసిన పెళ్లి రేపల్లెలో కూడా కనబడాలన్నారు. ఎవరు ఏ ఊళ్లో అడిగితే ఆ ఊళ్లోనే ప్రింటు తీసివ్వాలి. అంటే మూడు పెట్టెల్లోనూ ఒకే సరుకు ఉండాలి. దానికి నా ముందు రెండు పద్ధతులున్నాయి. ఒకటి... మూడింటినీ ఒకదానికొకటి కట్టేయడం. ఒకచోట ఫైలు పెడితే క్షణాల్లో మిగతా రెండు చోట్లా ఉంటుంది. ఒకచోట తీసేస్తే మిగతా రెండు చోట్లా పోతుంది. రెండోది... బాపట్ల, రేపల్లె రోజూ రాత్రి తమ ఫైళ్లను తెనాలికి పంపడం. తెనాలి అన్నీ తీసుకుంటుంది, ఎవరు చెప్పినా ఏదీ తీసేయదు. భద్రమే. కానీ నిదానం, పైగా డిస్కులు ఊరికే నిండిపోతాయి.

నేను మొదటిదే పెట్టాను. ఎందుకంటే చూడ్డానికి బాగుంటుంది. బాపట్లలో ఫోటో వేస్తే ఇక్కడ టక్కున ప్రత్యక్షమవుతుంది. సారు ముందు మెప్పు పొందాలి కదా. తీసేసిన ఫైళ్లను నెలరోజులు పక్కన దాచే ఏర్పాటు ఒకటి ఉంటే, డిస్కు నిండుతోందని అదీ ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు. నేనే ఆపాను.

వద్దన్న మనిషి ఒక్కరే. సాంబయ్య గారు. రేపల్లె బ్రాంచిలో డిజైనరు, అరవై దాటాయి. రీలు కెమెరాల రోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో మొహాలు దిద్దిన చెయ్యి. ఇప్పుడు పటాలు ఆయన ప్రత్యేకత. మనవైపు ఎవరైనా పోతే పెద్దకర్మకి పటం కావాలి కదా, తీరా చూస్తే ఇంట్లో సరైన ఫోటో ఉండదు. ల్యాబ్‌కి పరిగెత్తుకొస్తారు. ఈయన పాత పెళ్లిళ్లు వెతికి, ఎక్కడో బంతిలో కూర్చుని అన్నం తింటున్న మొహాన్ని పట్టుకుని, చుట్టూ కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, ఊడిపోయిన చొక్కా గుండీ కూడా పెట్టేవారు. ఆయనకి రెండు అలవాట్లు. పటానికి వాడిన ఫోటోని ఇక పెళ్లి ఫోల్డర్‌లో ఉంచేవారు కాదు, తీసి ‘పటాలు’ అనే వేరే ఫోల్డర్‌లో పెట్టేవారు. శుభం, అశుభం ఒకచోట ఉండకూడదట. రెండోది, ఫైలుకి పోయినవాళ్ల పేరు పెట్టి పక్కన ‘గారు’ అని చేర్చేవారు. మూడేళ్ల పిల్ల పోయినా సరే... గారు.

నేను కొత్త పద్ధతి వివరిస్తుంటే అంతా విని, కళ్లజోడు తుడుచుకుంటూ ఒకే మాట అన్నారు.

“మూడూ మాట వినేవే అయితే ఎట్టా శీనూ? ఒక్కటన్నా మాట వినని పెట్టె ఉండాలి.”

పెట్టెకి పెంకితనం నేర్పమంటారా బాబాయ్ అని ఆటపట్టించాను. తెనాలి వచ్చి అందరికీ ఆ మాట చెప్పి నవ్వించాను కూడా. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా భయం మీకు అర్థం కాదు. మా పద్మక్కని చీరాలలో బట్టల వ్యాపారం చేసేవాళ్లకి ఇచ్చాం. మూడేళ్ల కిందట జ్వరమని ఆసుపత్రిలో చేరి, వారం తిరక్కుండా పోయింది. అప్పటికి దాని కూతురు హాసినికి నాలుగేళ్లు నిండలేదు. ఈమధ్య ఆ పిల్ల నాకు ఫోన్ చేసి అడిగింది.

“మావయ్యా, అమ్మ గొంతు ఎట్టా ఉంటది?”

ఫోటోలున్నాయి కాబట్టి మొహం తెలుసు. గొంతు తెలీదు. అక్క ఫోను పాడైతే బావ ఎప్పుడో పారేశాడు. నా పెళ్లి వీడియోలున్న పెన్‌డ్రైవు ఇల్లు మారినప్పుడు పోయింది. అక్క మాట వినబడేది ఇక ఒక్కచోటే... మా ల్యాబ్ సర్వర్‌లో, ఆరేళ్ల కిందటి నా పెళ్లి ఫోల్డర్‌లో, భోజనాల దగ్గర తీసిన చిన్న వీడియోలో. అభిమానం కొద్దీ సాంబయ్య గారే ఆ రోజు కెమెరా పట్టుకుని వచ్చారు. అక్క చంకలో పిల్ల, చేతిలో ముద్ద. “ఏంటి బాబాయ్ గారూ, ముద్ద నోట్లో పెట్టుకోనివ్వరా?” అని నవ్వుతుంది. పెద్ద నవ్వు. ఆ నవ్వుకి పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. అక్కడితో వీడియో అయిపోతుంది. తర్వాత అక్క చెయ్యి కడుక్కొచ్చి, ఆయన చేతిలో కెమెరా లాక్కుని, ఆయనకే ఒక ఫోటో తీసింది.

అక్క పోయాక ఆ వీడియో నేను చూడలేదు. చూడలేకపోయాను. మూడు ఊళ్లలో ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. హాసినికి ఏడో పుట్టినరోజుకి అమ్మ గొంతు తెచ్చిస్తానని మాటిచ్చాను.

సరిగ్గా ఆ పుట్టినరోజు ముందురోజే సాంబయ్య గారి పెద్దకర్మ వచ్చింది.

ఆయనది గుండెపోటు. నిద్రలోనే పోయారు. ఊరందరి పటాలూ చేసిన మనిషికి పటం చేసేవాళ్లు లేరు. కనీసం ఫోటో కూడా లేదు. ఫోటోలు తీసేవాడికి ఫోటో ఎవరు తీస్తారు? చివరికి నాకే గుర్తొచ్చింది, అక్క తీసింది ఒకటుందని. ఆ ఉదయం వేమూరు మీదుగా బండి మీద రేపల్లె వెళ్లాను. ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. నా పెళ్లి ఫోల్డర్ తెరిచి, ఆ ఫోటో కత్తిరించి, నీలం రంగు వేశాను. ఆయన చెయ్యి నాకెక్కడొస్తుంది? ఎడమ చెవి దగ్గర గరుకుగా వచ్చింది, ఎవరో కొరికినట్టు. అలాగే ప్రింటు తీసేశాను. తర్వాత ఆయన అలవాటు ప్రకారం ఫోటోని తీసి పటాల్లో పెట్టాను... పెట్టానా? ఇక్కడ కాస్త గుర్తుపెట్టుకోండి. పెట్టాననే అనుకుంటున్నాను. బయట వాళ్లబ్బాయి పటం కోసం తొందరపెడుతున్నాడు. మౌస్‌తో ఏదో లాగాను. ఏం లాగానో ఇవాళ ఎవరు నిలదీసినా చెప్పలేను.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి గాలివాన పట్టుకుంది. రేపల్లె అంతా కరెంటు పోయింది. అక్కడ కౌంటర్ చూసే కోటేశ్వరరావు షాపు మూస్తుంటే నేను పక్కనే ఉన్నాను. సాంబయ్య గారు రోజూ చేసినట్టే సర్వర్ ప్లగ్గు గోడ నుంచి ఊడబీకి, షట్టర్ దించి తాళం వేశాడు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

వాన తగ్గి నేను తెనాలి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. తెల్లారితే పుట్టినరోజు. ఇంటికి పోకుండా తిన్నగా ఆఫీసుకెళ్లాను. కింద వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. పై అంతస్తులో సర్వర్ గది. ఏసీ హోరు, పెట్టె ఫ్యాను హోరు. జేబులో కొత్త పెన్‌డ్రైవు... ఎర్రది, పిల్లకి ఆ రంగు ఇష్టమని. నా పెళ్లి ఫోల్డర్ తెరిచాను. వీడియో అక్కడే ఉంది. ఉంది... నేను చూశాను. దాని చిన్న బొమ్మలో అక్క పసుపుపచ్చ చీర అంచు కూడా కనబడింది. కాపీ చెయ్యడానికి ఒక్క నిమిషం పట్టదు.

కానీ ముందు ఒకసారి విందామనిపించింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. నొక్కబోయి ఆగిపోయాను. ధైర్యం చాల్లేదండి. టీ తాగొచ్చి విందామని కిందికి దిగాను.

ఆ టీ తాగకుండా ఉంటే... సరే, పోనివ్వండి.

తిరిగి మెట్లెక్కుతుంటేనే తేడా తెలిసింది. డిస్కు చప్పుడు. రాత్రిపూట పని ఉండదు కాబట్టి అది మామూలుగా ఊరుకుంటుంది. ఇప్పుడు... కర్... ఆగింది. కర్... మళ్లీ ఆగింది. మెషిను పని చేస్తే గడగడా చేసుకుపోతుంది. ఇది అలా లేదు. ఒకటి ఎత్తి, ఒక్క క్షణం ఆగి, రెండోది ఎత్తుతున్నట్టుంది. అలా ఆగి ఆగి పనిచేసే మనిషి మా ల్యాబ్‌లో ఒక్కరే ఉండేవారు.

గదిలోకి వెళ్లాను. నేను పెళ్లి ఫోల్డర్ తెరిచి వదిలేసి వెళ్లాను. ఇప్పుడు దాని పక్కన పటాల ఫోల్డర్ కూడా తెరిచి ఉంది. నేనే తెరిచానేమో. అందులో అన్నింటికన్నా పైన... సాంబయ్య గారు. పొద్దున నేను చేసిందే కదా అనుకున్నాను. ఎందుకో తెరిచి చూశాను.

చెవి దగ్గర గరుకు లేదు.

నున్నగా ఉంది. ఎవరో తీరిగ్గా దిద్దినట్టు ఉంది. దగ్గరికి జరిపి చూశాను. వెంట్రుకలు కూడా విడివిడిగా తీర్చి ఉన్నాయి. అది నేను చేసిన పని కాదు. నాకు చేతకాదు. కోటేశ్వరరావుకి అసలే రాదు. నా మెడ మీద చెమట చల్లగా దిగుతోంది, ఏసీ గదిలో.

కర్... రెండో ఫైలు వచ్చింది. పద్మ గారు.

కర్... మా అమ్మమ్మ పేరు. పక్కన గారు. కర్... మా పెదనాన్న పేరు. పక్కన గారు. అమ్మమ్మ సంగతి సరే, ల్యాబ్‌లో అందరికీ తెలుసు. పెదనాన్న నెల కిందట కొల్లూరులో పోయాడు. ఆ సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నా పెళ్లికి వచ్చి, ఇప్పుడు లేనివాళ్లు... వాళ్లందరూ వరసగా వస్తున్నారు.

అక్క ఫైలు తెరిచాను. నీలం రంగు. పసుపుపచ్చ చీర. అక్కే. కానీ నోరు మూసుకుని ఉంది. మీకు అక్క తెలీదు కాబట్టి చెబుతున్నాను... మా ఇంట్లో ఉన్న ఏ ఫోటోలోనూ అక్క నోరు మూసుకుని ఉండదు. నవ్వుతూనో, ఎవరినో కేకలేస్తూనో ఉంటుంది. ఇంత నిదానమైన అక్కని నేను పుట్టాక చూడలేదు. అలా ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలీదు. అప్పుడు ఎందుకో పక్కనున్న పెళ్లి ఫోల్డర్ మీదికి చూపు పోయింది.

ఖాళీ అవుతోంది. తాళి కట్టినవి లేవు. తలంబ్రాలవి లేవు. భోజనాలవి పోతున్నాయి... నేను చూస్తుండగానే ఒక్కొక్కటీ పోతున్నాయి. మౌస్ వదిలేసి నేల మీద పడి పెట్టె వెనక ఇంటర్నెట్ వైరు పీకేశాను. లేచి చూస్తే ఇక్కడ అప్పటికే ఏమీ లేదు. అక్క వీడియో లేదు.

బాపట్ల గుర్తొచ్చింది. అక్కడ షాపు మీదే రజని అనే అమ్మాయి కుటుంబంతో ఉంటుంది, బ్రాంచి తనే చూస్తుంది. ఫోన్ చేసి కిందికి పరిగెత్తమన్నాను, ఇంటర్నెట్ వైరు తీసెయ్యమన్నాను. షట్టర్ లేచిన చప్పుడు వినబడింది. ఆయాసపడుతోంది.

“తీసేశానండి అన్నయ్యా. వైరు నా చేతిలోనే ఉంది.”

నా పెళ్లి ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో చూడమన్నాను.

“తొమ్మిదండి... కాదు, ఏడు... అన్నయ్యా, ఇంకా తగ్గుతున్నాయండి.”

భోజనాల వీడియో ఉందా అని అడిగాను. చూస్తున్నానండి అంది. ఫోన్లో ఆ పిల్ల ఊపిరి, దాని వెనక... కర్. ఆగింది. కర్. బాపట్లలో కూడా అదే చప్పుడు, అదే ఆగడం. చివరికి ఏమీ లేదండి అని మెల్లగా చెప్పింది. బాపట్ల లైను నిదానమని పోయిన నెలే వేగంగా ఉండేది వేయించాను. నేనే వేయించాను. పాత లైనే ఉండుంటే ఆ వీడియో దక్కేదేమో.

ఏ ఫైలు ఏ ఊరి నుంచి కదిలిందో సర్వర్ ఒక చిట్టా రాసుకుంటుంది. అది తెరిచాను. ప్రతి వరసలోనూ ఒకటే పేరు. రేపల్లె... రేపల్లె... రేపల్లె. కోటేశ్వరరావుకి ఫోన్ చేశాను. కరెంటు వచ్చిందా అని అడిగాను.

“ఎక్కడండీ, ఇంకా రాలా. చీకట్లోనే అన్నం తింటన్నాం.”

షాపు తాళాలు ఎక్కడున్నాయంటే జేబులోనే ఉన్నాయన్నాడు. ఏమైందండి అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

అప్పటికి నా పెట్టెకి వైరు లేదు. ఊడబీకిన వైరు కింద నేల మీద ఉంది. బయటి నుంచి ఏదీ రావడానికి లేదు. గదిలో ఏసీ హోరు ఒక్కటే. సరే, అయిపోయింది అనుకుని కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు...

కర్.

పటాల ఫోల్డర్‌లో ఇంకొకటి వచ్చింది. దానికి పేరు లేదు. గారు... అంతే. ముందు ఏమీ లేదు. ఉత్త గారు. తెరవకూడదనుకున్నాను. చెయ్యి తెరిచేసింది. నీలం రంగు. అంచు నుంచి అంచు దాకా నీలం రంగు, చక్కగా వేసి ఉంది. మధ్యలో మొహం లేదు. ఎవరికోసమో సిద్ధం చేసి ఉంచినట్టు ఉంది. ఎంతసేపు చూశానో గుర్తులేదు. రేపల్లె వైపు పోయే రైలు కూత వినబడ్డాక గానీ లేవలేదు. లేచి, లైటు కూడా ఆర్పకుండా కిందికి వచ్చేశాను.

పొద్దున్నే రేపల్లె వెళ్లి కోటేశ్వరరావుతో కలిసి షట్టర్ లేపాను. ప్లగ్గు గోడ నుంచి ఊడి కిందికి వేలాడుతోంది, నిన్న వదిలినట్టే. కరెంటు వచ్చాక పెట్టె వెలిగించి చూశాం. నా పెళ్లి ఫోల్డర్ ఖాళీ. పటాల్లో కొత్తవి ఐదు, ఆ పేరు లేనిదాంతో కలిపి. కోటేశ్వరరావు దండం పెట్టుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు.

డిస్కులు మూడూ విజయవాడలో ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను, పోయిన ఫైళ్లు తీసిస్తాడని. పది రోజులు పెట్టుకున్నాడు. ఒక్క వీడియో మాత్రం సగం తెరుచుకుంది. అరిటాకు, ఒక చెయ్యి, చేతిలో ముద్ద. ముద్ద పైకి లేస్తుంది, లేచి ఆగిపోతుంది. శబ్దం లేదు. ఇంతకంటే రాదండి అన్నాడు.

తెలిసినవాళ్లకి చెబితే కారణాలు చెప్పారు. పొద్దున హడావిడిలో నువ్వే ఫోల్డర్ మొత్తం లాగి ఉంటావు, కరెంటు పోవడంతో ఆ పని మధ్యలో చిక్కుకుని రాత్రికి కదిలి ఉంటుంది అన్నారు. వైరు తీసినా తగ్గడం కూడా అంతేనట, తీసెయ్యమన్న మాట ముందే చేరిపోయి ఉంటుందట. కావచ్చు. మరి చెవి ఎవరు దిద్దారు? పెదనాన్న పేరు ఎవరు చెప్పారు? ఒక మాట చెప్పనా... అది దయ్యమైతేనే నాకు నయం. కాకపోతే అక్క గొంతుని నా చేత్తో నేనే చంపుకున్నట్టు. అదీ పొద్దున పదింటికి, కుర్చీలో కూర్చుని, పూర్తిగా మెలకువగా ఉండి.

ఇప్పుడు తెనాలిలో రెండో పద్ధతి పెట్టాను. ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యని పెట్టె. సాంబయ్య గారు కోరినట్టే, మాట వినదు. దాంట్లో దాచడానికి నాకంటూ ఏమీ మిగల్లేదు. ఆ నీలం ఫైలు మాత్రం ఉంది. తెరవను, దూరం నుంచి పేరు చూస్తాను. ఇంకా గారు అనే ఉంటుంది. రోజూ పొద్దున మొదట అదే చూస్తాను.

పుట్టినరోజుకి చీరాల ఖాళీ చేతులతో వెళ్లానని చెప్పాను కదా... చెప్పలేదా? ఎర్ర పెన్‌డ్రైవు జేబులోనే ఉండిపోయింది. తర్వాత ఒకరోజు అక్క పటం ప్రింటు ఒకటి తీసి ఇస్తే బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంత మంచి ఫోటో ఎక్కడ దొరికింది శీనూ అన్నాడు. పాతవన్నీ తీసేసి హాల్లో దాన్నే పెట్టాడు. వద్దని ఎలా చెప్పను?

పోయిన ఆదివారం వెళితే హాసిని దాని ముందు నిలబడి ఉంది. చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

“అమ్మ అసలు మాట్లాడేదా మావయ్యా?”

మాట్లాడేదన్నాను. ఎట్టా అని అడిగింది. ముద్ద నోట్లో పెట్టుకోనివ్వరా అని అక్క అన్నట్టే అని చూపిద్దామని నోరు తెరిచాను. మాటలు అన్నీ గుర్తున్నాయి. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. గొంతు... ఎంత వెతికినా నాకూ గుర్తు రాలేదు.